లోకల్ ఎవరు, బయటివాళ్లెవరు? బెజవాడ లెక్క ఒకటి, చట్టం లెక్క ఇంకొకటి

నీట్, ఈఏపీసెట్ ఫలితాల రోజుల్లో విజయవాడ కాలేజీల చుట్టూ తిరిగే తల్లిదండ్రులు ర్యాంకు సంగతి అయ్యాక అడిగే మొదటి మాట, మావాడు లోకలా నాన్‌లోకలా అని. అదే వారంలో పటమటలోనో గుణదలలోనో అద్దె ఇల్లు వెతుక్కునే కుర్రాడికి ఎదురయ్యే ప్రశ్న, ఇక్కడ మీవాళ్లెవరున్నారు అని. ఇబ్రహీంపట్నం వైపు కట్టుబడి పనికొచ్చిన ఒడిశా కూలీని ఈ రెండూ ఎవరూ అడగరు. ఆధార్ జిరాక్సు తీసుకుని మేస్త్రీకి అప్పజెప్తారు, అంతే. మూడుచోట్లా తేల్చేది ఈ మనిషి మనవాడా కాదా అన్నదే. తేల్చే పద్ధతులకు మాత్రం ఒకదానితో ఒకటికి పొంతన లేదు. ‘వాళ్లు మనతో కలవరు’, ‘వీళ్లు మమ్మల్ని రానివ్వరు’ అనే వాదన ఎప్పటికీ తెగకపోవడానికి సగం కారణం ఇదే. ఇద్దరూ వేర్వేరు లెక్కల గురించి మాట్లాడుతున్నారు.

వలస వచ్చినవాళ్లంతా బయటివాళ్లు కారు

జనగణనకు వలస అంటే చాలా సాదా విషయం. పుట్టిన చోటో అంతకుముందు ఉన్న చోటో వదిలి, మరోచోట లెక్కకు దొరికితే వలసే. 2011 జనగణన ప్రకారం దేశంలో ఇలాంటివాళ్లు 45 కోట్ల పైమాటే. అందులో ఎక్కువ మంది ఆడవాళ్లు, పెళ్లయి అత్తారింటికి వెళ్లినవాళ్లు. తెనాలి అమ్మాయి పెళ్లయి సత్యనారాయణపురం వస్తే ఆమె కూడా ఈ లెక్కలో వలసదారే. ఆమెను వీధిలో ఎవరూ బయటిమనిషి అనరు. అత్తగారు అనొచ్చు, అది వేరే వ్యాసం.

దీనికి తిరగబడ్డ సంగతీ ఉంది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ కట్టల మీద తాతల నాటి నుంచి గుడిసెలు వేసుకుని బతికిన కుటుంబాలు ఎక్కడి నుంచీ రాలేదు. గుంటూరు జిల్లా పల్లెల చివర ఉండే యానాదులూ అంతే. ఇదే ఊళ్లో పుట్టి, ఇదే బళ్లో చదివి, ట్రాన్స్‌జెండర్‌గా బయటపడ్డ మనిషికి మర్నాటి నుంచి అద్దె ఇల్లు దొరకదు. వీళ్లెవరూ వలసదారులు కారు. అయినా ఊరికి బయటివాళ్లే.

కాబట్టి ఎంత దూరం నుంచి వచ్చారు, ఎన్నేళ్లయింది అన్నవి కొలతలే గానీ అసలు కొలత వేరే ఉంది. తన తరఫున పూచీ పడే మనిషి ఈ ఊళ్లో ఉన్నాడా లేడా? ‘ఆయన మా బావమరిది క్లాస్‌మేట్’ అనే ఒక్క మాట పదేళ్ల నివాసం చెయ్యలేని పని చేస్తుంది. పూచీ పడేవాళ్లు లేకపోతే పదేళ్లున్నా నిన్న వచ్చినట్టే.

టు లెట్ బోర్డు దగ్గర ఏం జరుగుతుంది

గేటు సగం తీసి నిలబడి ఇంటివాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే వరసలో వస్తాయి.

‘ఏ ఊరు బాబూ మీది?’
‘పలాస అవతలండి.’
‘ఇక్కడేం చేస్తావు?’
‘ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే షెడ్డులోనండి.’
‘పెళ్లయిందా? ఫ్యామిలీనా?’
‘అయిందండి. ఇల్లు దొరికితే తీసుకొస్తాను.’
‘తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా ఇక్కడ?’

ఆఖరున, కొంచెం గొంతు తగ్గించి, ‘ఏమనుకోకు, మీరేంటోళ్లు?’

ఒక్కో ప్రశ్నా ఒక్కో భయాన్ని తడిమి చూస్తుంది. పని సంగతి అడిగింది అద్దె నెలనెలా వస్తుందా అని. ఫ్యామిలీ అన్నది మేడ మీద కుర్రాళ్ల గుంపు చేరుతుందేమోనని. తెలిసినవాళ్లెవరన్నది రేపు ఏదైనా తేడా వస్తే ఎవరిని పట్టుకోవాలని. చివరి ప్రశ్నకు మాత్రం అద్దెతో సంబంధం లేదు.

ఇంటివాళ్ల వైపు నుంచీ చూడాలి. రిటైరైన దంపతులకు పై పోర్షన్ అద్దె పెన్షన్‌తో సమానం. అద్దెకున్నవాడు ఖాళీ చెయ్యనంటే కోర్టు చుట్టూ తిరగడానికి వాళ్లకు ఓపిక ఉండదు. మనిషి ఎలాంటివాడో చెప్పే వ్యవస్థ ఏదీ లేనప్పుడు చుట్టరికం, కులం, ఊరు చూసి అంచనా కట్టుకోవడం వాళ్లకు తోచిన జాగ్రత్త. ఆ జాగ్రత్తకు మూల్యం ఎప్పుడూ అవతలివాడే చెల్లిస్తున్నాడన్నది వాళ్ల కళ్లకు కనిపించదు.

మరి చట్టం ఏమంటుంది? రాజ్యాంగం 19వ అధికరణం దేశంలో ఎక్కడైనా తిరగొచ్చు, ఎక్కడైనా స్థిరపడొచ్చు అంటుంది. 15వ అధికరణం మతం, కులం, లింగం, పుట్టిన చోటు చూసి వివక్ష చూపొద్దంటుంది. అయితే ఆ ఆంక్ష ప్రధానంగా ప్రభుత్వం మీద. దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్ల వంటి చోట్ల అది అందరి మీదా ఉంది. సొంత ఇంటి పై పోర్షన్ ఆ జాబితాలో లేదు. ఒక మతం వాళ్లే సభ్యులుగా ఉండే హౌసింగ్ సొసైటీ నిబంధన చెల్లుతుందని సుప్రీం కోర్టు 2005లో చెప్పింది కూడా. అంటరానితనం పేరుతో ఒకరిని ఇంట్లో చేరనివ్వకపోతే మాత్రం 1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టం కింద నేరమే. నిరూపించడం దగ్గరే చిక్కు. ‘అయ్యో, ఇప్పుడే ఇంకొకళ్లు అడ్వాన్సు ఇచ్చి వెళ్లారండీ’ అన్న మాట మీద కేసు ఎలా కడతారు?

ఇల్లు దొరికినా కథ అక్కడితో అయిపోదు. ఏడాదికి మించిన అద్దె ఒప్పందం రిజిస్టర్ చెయ్యాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెప్తుంది. అందుకే దేశమంతా 11 నెలల అగ్రిమెంటు. చాలామంది అదీ రాయరు, నోటిమాటే. కాగితం లేకపోతే ఆధార్‌లో అడ్రసు మారదు. ఆధార్ మారకపోతే బ్యాంకు ఖాతా, గ్యాస్, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ పాత ఊరి పేరుతోనే నడుస్తాయి. ఈ ఊళ్లో ఏళ్ల తరబడి ఉంటున్నా కాగితాల్లో ఇక్కడ లేనట్టే. గ్యాస్ ఒక్కదానికి కొంత దారి దొరికింది. 2021లో వచ్చిన ఉజ్వల రెండో విడతలో వలస కుటుంబాలు అడ్రసుకు స్వీయ ధ్రువీకరణ ఇస్తే చాలన్నారు. అయిదు కిలోల చిన్న సిలిండరుకు గుర్తింపు కార్డు ఉంటే సరిపోతుంది.

చట్టం చూసే లోకల్: ఎక్కడ చదివావు, ఎన్నేళ్లు చదివావు

లోకల్, నాన్‌లోకల్ అన్నమాట తెలుగువాళ్ల మధ్య ఇంత పదునెక్కడానికి వందేళ్ల చరిత్ర ఉంది. హైదరాబాద్ సంస్థానంలో ఉద్యోగాలు ముల్కీలకే, అంటే స్థానికులకే ఇవ్వాలని, బయటివాళ్లు ముల్కీలు కావాలంటే 15 ఏళ్లు అక్కడ నివసించాలని 1919లో నిజాం ఫర్మానా. 1956లో రాష్ట్రం ఏర్పడ్డాక ఆ నిబంధనల అమలు మీదే 1969లో తెలంగాణ ఉద్యమం లేచింది. 1972 అక్టోబరులో సుప్రీం కోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని చెప్పగానే ఇటు జై ఆంధ్ర ఉద్యమం రగిలింది. దానికి విజయవాడ, గుంటూరు ముఖ్య కేంద్రాలు. మన రాజధానిలో మనమే బయటివాళ్లమా అన్నది అప్పటి ఇక్కడి కోపం.

రాజీగా 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాన్ని అమలు చెయ్యడానికి 32వ రాజ్యాంగ సవరణతో 371-డి అధికరణం పుట్టింది. దాని కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు చదువుల విషయంలో రాష్ట్రాన్ని ఆంధ్రా, ఉస్మానియా, వెంకటేశ్వర యూనివర్సిటీల ఏరియాలుగా విడదీసి, ఏ ఏరియాలో సీట్లయినా 85 శాతం అక్కడి స్థానికులకే అంది. ఉద్యోగాలకు 1975లో విడిగా మరో ఉత్తర్వు.

ఇక్కడ గమనించాల్సింది, ఈ చట్టం పుట్టిన ఊరు అడగదు, అమ్మానాన్నల ఊరూ అడగదు. మొదట చూసేది అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరసగా ఎక్కడ చదివావని. అలా కుదరకపోతే, ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివావని. నూటికి తొంభై గొడవలు ఈ రెండు వాక్యాల దగ్గరే మొదలవుతాయి.

లెక్క కట్టి చూద్దాం. కర్నూలు పిల్లవాడు పదో తరగతి వరకు అక్కడే చదివి, ఇంటర్‌కు విజయవాడ హాస్టల్లో చేరాడు. చివరి నాలుగేళ్లలో రెండు అక్కడ, రెండు ఇక్కడ. వరసగా నాలుగేళ్లు ఎక్కడా లేవు. ఆరు నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లు తీసుకుంటే అయిదు కర్నూలులో, రెండు విజయవాడలో. అంటే వెంకటేశ్వర యూనివర్సిటీ ఏరియాకు లోకల్. ఒకే రాష్ట్రంలోనే విజయవాడకు నాన్‌లోకల్. ఇందులో నష్టమేమీ లేదు, ఏదో ఒక చోటు అతనిదే.

ఇప్పుడు ఖమ్మం అమ్మాయిని తీసుకుందాం. పదో తరగతి ఖమ్మంలో, ఇంటర్ విజయవాడలో. రెండు జిల్లాల మధ్య ఇది ఎప్పటి నుంచో ఉన్న రాకపోకే. పాత లెక్కలో ఆమెవీ అయిదు, రెండు, కాబట్టి తెలంగాణలో లోకల్. కానీ తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో ఎంబీబీఎస్, బీడీఎస్ ప్రవేశాల నిబంధన మార్చి, ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ తెలంగాణలోనే చదివి ఉండాలంది. హైకోర్టు దీన్ని సడలించినా, సుప్రీం కోర్టు 2025 సెప్టెంబరులో ఆ నిబంధననే సమర్థించింది. బయట పనిచేసే కొన్ని రకాల ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులున్నాయి. మన ఖమ్మం అమ్మాయి నాన్న కిరాణా కొట్టు నడుపుతున్నాడనుకుంటే ఆమెకు అవి వర్తించవు. తెలంగాణలో నాలుగేళ్లు నిండలేదు, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది రెండేళ్లే. పుట్టి పెరిగిన చోటా నాన్‌లోకలే, చదివిన చోటా నాన్‌లోకలే.

ప్రభుత్వ వాదన కొట్టిపారేసేది కాదు. పరీక్ష కోసం ఎక్కడెక్కడో చదివి సీటు కోసం మాత్రం లోకల్ కార్డు పట్టుకొచ్చేవాళ్లను ఆపాలంటే ఒక గీత గియ్యాలి, గీత ఎక్కడ గీసినా ఎవరో ఒకరు అవతల పడతారు. రాజధాని కోచింగుకు డబ్బులేని పల్లె పిల్లలను కాపాడేది ఈ గీతేనంటారు. అవతలివైపు వాదన, పదహారేళ్ల పిల్ల ఎక్కడ హాస్టల్లో చేరాలో నిర్ణయించుకునే రోజున ఈ గీత ఎక్కడుందో ఎవరూ చెప్పలేదని. నాకు రెండో వాదనలో న్యాయం ఎక్కువ కనిపిస్తుంది, కనీసం నిబంధన మారే నాటికి ఇంటర్ చదువుతున్నవాళ్ల వరకు.

రిజర్వేషన్ల విషయంలో స్థానికత ఇంకా కరుకు. తెనాలిలో పుట్టి, ఎస్టీ సర్టిఫికెట్ ఉన్న తండ్రి ఉద్యోగరీత్యా చిన్నప్పుడే బొంబాయి వెళ్లిన ఒక విద్యార్థి అక్కడ మెడికల్ కాలేజీలో ఎస్టీ కోటా అడిగాడు. ఏ కులమైనా తెగైనా ‘ఆ రాష్ట్రానికి సంబంధించి’ మాత్రమే జాబితాలో ఉంటుందని, రాష్ట్రం మారితే ఆ హక్కు వెంట రాదని సుప్రీం కోర్టు 1990లో తేల్చింది. వివక్ష మాత్రం రాష్ట్రం దాటినా వెంట వస్తుంది కదా అన్న ప్రశ్న అప్పటి నుంచీ అలాగే ఉంది.

ఆంధ్రావాళ్లు బయటివాళ్లైన చోట్లు

‘బయటివాళ్లు మనతో కలవరు’ అని బెజవాడలో అనేవాళ్లకు తమ చుట్టాల కథలే గుర్తుండాలి. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కృష్ణా, గుంటూరు, గోదావరి రైతులు నిజామాబాద్ వైపు వెళ్లి పొలాలు కొన్నారు. తుంగభద్ర నీళ్లొచ్చాక కర్ణాటకలో సింధనూరు, గంగావతి ప్రాంతాలకు వెళ్లారు. అక్కడ వాళ్లు కట్టుకున్న ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. ఇంట్లో తెలుగు, టాకీసులో తెలుగు సినిమా, సంబంధాలు మాత్రం మళ్లీ తెనాలి, గుడివాడ వైపు నుంచే. వరి మడి కట్టడం అక్కడివాళ్లకు నేర్పారు, వ్యాపారం చేశారు, పంచాయతీల్లో గెలిచారు. ఇల్లు మాత్రం విడిగానే ఉంచుకున్నారు.

మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ బెర్రీ కొత్తచోటుకు వచ్చినవాళ్లు పట్టే దారులు నాలుగన్నాడు. తమది వదిలేసి పూర్తిగా వాళ్లలా మారిపోవడం, తమది ఉంచుకుంటూనే అందరితో కలిసిపోవడం, విడిగా ఉండిపోవడం, అటూ ఇటూ కాకుండా పోవడం. క్యాంపుల రైతులు పొలంలో రెండో దారి, పెళ్లి పందిట్లో మూడో దారి పట్టారు. చేతిలో భూమి, డబ్బు ఉన్నాయి కాబట్టి వాళ్లకు ఎంచుకునే వీలుంది. అద్దె గది కోసం తిరిగేవాడికి ఆ నాలుగులో ఏదీ తను ఎంచుకునేది కాదు.

2016లో ఇంకో చిత్రం చూశాం. వెలగపూడి సచివాలయానికి హైదరాబాద్ నుంచి ఉద్యోగులు తరలి వచ్చారు. వారానికి అయిదు రోజుల పని, శుక్రవారం సాయంత్రం రైలెక్కి హైదరాబాద్‌కు, మళ్లీ సోమవారం రాక. ఊళ్లో కలవకపోవడమంటే అంతకన్నా ఏముంటుంది? అయినా వాళ్లకు విజయవాడలో ఇళ్లు దొరక్కపోలేదు, ఎవరూ అనుమానంగా చూడలేదు. ప్రభుత్వ ఉద్యోగమే పూచీ. పిల్లల స్థానికత కోసం రాష్ట్రపతి ఉత్తర్వునే సవరించి మొదట మూడేళ్ల గడువు ఇచ్చారు, తర్వాత పొడిగిస్తూ వచ్చారు. కలవడం, కలవకపోవడం అన్నది పేదవాడి విషయంలోనే తప్పుగా కనిపిస్తుందని దీన్నిబట్టి అనుకోవాల్సి వస్తుంది.

ఒకే జీతం, ఒకే పని, ఒకే భాష ఉన్నా

బయటితనానికి భాష, మతం, కులం తప్పనిసరి కూడా కాదని ఇంగ్లండులో ఒక పరిశోధన చూపించింది. నార్బర్ట్ ఎలియాస్, జాన్ స్కాట్సన్ లెస్టర్ పక్కనున్న ఒక శివారును పరిశీలించి 1965లో ఫలితాలు ప్రచురించారు. పాత పేటవాళ్లు, యుద్ధ కాలంలో వచ్చిన కొత్త పేటవాళ్లు, ఇద్దరూ కార్మికులే, ఒకే జాతి, ఒకే భాష. తేడా ఎన్నేళ్లుగా ఉంటున్నారన్నదొక్కటే. అయినా పాతవాళ్లు కొత్తవాళ్లను మురికిమనుషులని, తగవులమారులని అనేవాళ్లు. కొత్త పేటలోని ఒకరిద్దరు చెడ్డవాళ్లను చూసి పేటంతటికీ పేరు పెట్టడం, తమ పేటలోని ఒకరిద్దరు మంచివాళ్లను చూసి తామంతా మంచివాళ్లమనుకోవడం. ఈ పేరు పాతుకుపోవడానికి కారణం పాతవాళ్లకు ఒకరితో ఒకరికి పరిచయం ఉండటం. క్లబ్బులు, చర్చి, కబుర్లు అన్నీ వాళ్ల చేతిలోనే. కొత్తవాళ్లకు ఒకరికొకరే తెలియదు, ఇంక ఎదురు మాట ఎవరు చెప్తారు?

సింగ్‌నగర్‌లో ఏదైనా దొంగతనం జరిగితే ‘ఎవడో బయటోడు’ అని ముందే అనేయడం ఇదే బాపతు.

కాంట్రాక్టరుకు బయటివాడే ఎందుకు ముద్దు

స్థానికుల ఫిర్యాదూ వినాలి. రోజుకూలీ అడ్డా మీద నిలబడేవాళ్లు, బయటినుంచి వచ్చినవాళ్లు తక్కువకు ఒప్పుకుని మా రేటు పడగొడుతున్నారంటారు. ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకే అని చట్టం చేసింది ఈ ఒత్తిడిలోనే. హరియాణా ఇలాంటి చట్టమే చేస్తే 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది.

అయితే రేటు ఎందుకు పడుతుంది? సైటులోనే రేకుల షెడ్డులో పడుకునేవాడు రాత్రి కాంక్రీటుకు కూడా దొరుకుతాడు. చుట్టాల పెళ్లని, దసరా అని సెలవు అడగడు. డబ్బు ఎగ్గొడితే వెంట వచ్చి గొడవపడే బాబాయిలు లేరు. అతనికి ఈ ఊళ్లో తెలిసినవాడు తీసుకొచ్చిన మేస్త్రీ ఒక్కడే, అడ్వాన్సు ఇచ్చిందీ ఆ మేస్త్రీయే. పూచీ పడేవాడూ, భయపడాల్సినవాడూ ఒకడే అయితే రేటు అడిగే ధైర్యం ఎక్కడిది? 2020 మే నెలలో కనకదుర్గ వారధి మీదుగా జాతీయ రహదారి పట్టుకుని ఉత్తరానికి నడిచినవాళ్లకు ఊళ్లో తలుపు తట్టదగ్గ ఇల్లు ఒక్కటీ లేకపోయింది.

చట్టం లేక కాదు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే ఉంది. కాంట్రాక్టరు అయిదుగురిని, అంతకు మించి తెస్తే రిజిస్ట్రేషన్, వసతి, దారి ఖర్చులు ఇవ్వాలంది. సొంతంగా రైలెక్కి వచ్చినవాడు దాని పరిధిలోకి రాడు. దాని స్థానంలో 2025 నవంబరు నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతి సొంతంగా వచ్చినవాళ్లనూ కలుపుకుంది. కానీ పదిమంది వలస కార్మికులున్న సంస్థలకే అంది. నలుగురైదుగురిని పెట్టుకునే చిన్న మేస్త్రీలు దానికి దొరకరు.

రేషన్ కదిలింది, ఓటు కదల్లేదు

పూచీ అవసరం లేకుండా నడిచే ఏర్పాటు ఒకటుంది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మధ్య ప్రయోగంగా మొదలై దేశమంతా వ్యాపించిన ఒకే దేశం ఒకే రేషన్ కార్డు. ఒడిశాలోని గంజాం జిల్లా కార్డులో నలుగురున్నారనుకుందాం. మనిషికి అయిదు కిలోల చొప్పున నెలకు ఇరవై. విజయవాడలో ఉన్న భర్త వేలిముద్ర వేసి ఇక్కడ పది కిలోలు తీసుకుంటే మిగతా పది ఊళ్లో భార్య తీసుకోవచ్చు. ఎవరి తాలూకు అని ఎవరూ అడగరు. ఒడిశా ప్రభుత్వం తన తరఫున ఇచ్చే అదనపు సరుకులేమైనా ఉంటే అవి మాత్రం ఇక్కడికి రావు.

ఓటుకు ఇలాంటిది లేదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం మామూలుగా ఎక్కడ నివసిస్తే అక్కడే ఓటు. సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదనీ, కొన్నాళ్లు ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన అక్కడి నివాసం పోయినట్టు కాదనీ అదే చట్టం అంటుంది. అద్దెకున్నవాడు ఇక్కడ నమోదు చేసుకోవడానికి ఏ అడ్డూ లేదు. అయినా చాలామంది చేసుకోరు. ఇక్కడికి మార్చుకుంటే ఊళ్లో ఇంటి స్థలం జాబితా వేసే రోజున, పొలం గట్టు తగువు వచ్చిన రోజున సర్పంచి పట్టించుకోడు. ఇది ఈ ఊరి మీద ప్రేమ లేక చేసే పని కాదు, పక్కా లెక్క.

వలస ఓటర్ల కోసం రిమోట్ ఓటింగ్ యంత్రాన్ని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలకు చూపించబోతే పార్టీలు అభ్యంతరాలు లేవనెత్తాయి, విషయం అక్కడే ఆగింది. ఒకవేళ ఆ యంత్రం వచ్చినా అది సొంతూరి ఓటును ఇక్కడ నుంచి వేయిస్తుంది, అంతవరకే. విజయవాడ కార్పొరేషన్‌లో ఉన్న 64 డివిజన్లలో తానుండే డివిజన్ కార్పొరేటర్‌ను ఎన్నుకోవడానికి అది పనికిరాదు. వీధి చివర కుళాయి, డ్రైనేజీ, దోమల మందు మాత్రం ఆ కార్పొరేటర్ చేతిలోనే ఉన్నాయి.